హాఫ్ డోమ్ ఎక్కేముందు దిగడం నేర్చుకోవాలి

మార్చిలో వేసిన లాటరీలో ఈ ఏడాది మాకు హాఫ్ డోమ్ కొండ ఎక్కే అనుమతి తగిలింది. ఏప్రిల్ మధ్యలో ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మా ఇంట్లో నడుస్తున్న చర్చంతా శిఖరానికి ముందున్న చివరి 400 అడుగుల గురించే. అక్కడ రెండు ఉక్కు కేబుళ్లు పట్టుకుని, దాదాపు 45 డిగ్రీల దాకా వాలు తేలిన నున్నని రాతి మీద పైకి వెళ్లాలి. మా పెద్దక్క కొడుకు, నిరుడు చదువు ముగించి శాన్ హోసేలో ఉద్యోగంలో చేరినవాడు, ఆ కేబుళ్ల వీడియోలు వరసపెట్టి చూసి, చేతులకు బలం రావాలని జిమ్‌లో చేరాడు. వాడికి చెప్పిన మాటే ఇక్కడా రాస్తున్నాను. దారిని బట్టి ఆ రోజు నడవవలసింది 14 నుంచి 16 మైళ్లు. అందులో కేబుళ్ల వంతు చాలా కొంచెం. అక్కడ చేతులు ఎలాగోలా పట్టు నిలుపుకుంటాయి. మనిషిని ఇబ్బంది పెట్టేది మోకాళ్లు, గడియారం, వీపు మీద మోసే నీళ్లు. నేను ఇదివరకు ఆ కొండ ఎక్కినవాణ్ణి కనుక ఈసారి మా సన్నాహమంతా వాటి చుట్టూనే పెట్టుకున్నాము.

తెలియనివారి కోసం కొండ సంగతి కొంచెం. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, యోసెమిటీ లోయకు తూర్పు కొసన, ఒక వైపు నిలువుగా కోసినట్టు కనిపించే గ్రానైట్ శిఖరం హాఫ్ డోమ్. సముద్రమట్టానికి 8,842 అడుగుల ఎత్తున ఉంటుంది. లోయలో హ్యాపీ ఐల్స్ దగ్గర నడక మొదలుపెడితే శిఖరం చేరేసరికి దాదాపు 4,800 అడుగులు ఎక్కినట్టవుతుంది. 1860లలో ఆ ప్రాంతాన్ని సర్వే చేసినవారు ఈ కొండ మీద మనిషి ఎన్నటికీ అడుగు పెట్టలేడని రాసేశారు. పదేళ్లు తిరిగేసరికి, 1875లో, జార్జ్ ఆండర్సన్ అనే ఆయన రాతికి రంధ్రాలు తొలుస్తూ, వాటిలో ఇనుప కొక్కేలు దిగ్గొడుతూ, వాటినే ఆధారం చేసుకుని పైకి చేరాడు. ఇప్పటి కేబుళ్ల పద్ధతిని 1919లో సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంఘం ఏర్పాటు చేసింది. మే చివర్లో వాటిని స్తంభాల మీదికి ఎత్తి నిలబెడతారు, అక్టోబరు నడుమ స్తంభాలు తీసేస్తారు. మిగిలిన నెలల్లో కేబుళ్లు రాతి మీద పడి ఉంటాయి.

ఒకప్పుడు ఎవరికి తోచినప్పుడు వారు ఎక్కేవారు. సెలవు రోజుల్లో కేబుళ్ల మీద కదలలేనంత రద్దీ పెరగడంతో 2010లో వారాంతాలకు, ఆ మరుసటి ఏడాది నుంచి అన్ని రోజులకూ అనుమతి తప్పనిసరి చేశారు. రోజుకు మొత్తం 300 మందికి అవకాశమిస్తారు, అందులో ఒక్క రోజులో ఎక్కి దిగేవారి వాటా 225. మార్చి నెలంతా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక దరఖాస్తు మీద 6 మంది వెళ్లవచ్చు. దరఖాస్తుకు 10 డాలర్లు, అది తిరిగి రాదు. లాటరీ తగిలితే తలకు మరో 10 డాలర్లు. దరఖాస్తులో నాయకుడిగానో ప్రత్యామ్నాయ నాయకుడిగానో పేరున్న మనిషి గుర్తింపు కార్డుతో సహా దగ్గర లేకపోతే మిగతా వారిని, కేబుళ్లకు ముందు వచ్చే సబ్ డోమ్ అనే చిన్న గుట్ట దగ్గర పార్కు రేంజర్ ఆపేస్తాడు. అందుకని పేర్లు రాసేటప్పుడే, జులైలో ఇండియా ప్రయాణం పెట్టుకోని ఇద్దరిని చూసుకుని రాయడం మంచిది. మన వాళ్ల టికెట్లు ఎప్పుడు ఖాయమవుతాయో చెప్పలేము.

అనుమతి వచ్చిన రోజున మా అక్క ఫోన్ చేసి, "అలిపిరి మెట్ల లాంటిదేనా తమ్ముడూ?" అని అడిగింది. మన వాళ్లకు కొండ ఎక్కడమంటే ముందు గుర్తొచ్చేది అదే కాబట్టి ఆ కొలతతోనే చెప్పాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కితే ఎంత ఎత్తుకు చేరతామో హాఫ్ డోమ్ మీద ఎక్కవలసింది సుమారు దానికి రెట్టింపు. అయితే తేడా ఎత్తులో మాత్రమే లేదు. అలిపిరి మెట్లు సమంగా ఉంటాయి, దారి పొడుగునా పైకప్పు ఉంటుంది, అలిసిపోతే కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్లు దొరుకుతాయి. మోకాళ్ల పర్వతం దగ్గర ఎంత ఆయాసపడినా, దర్శనమయ్యాక మనలో చాలామంది బస్సెక్కి కిందికి దిగుతారు. ఎక్కడానికి మొక్కుకుంటాము గాని దిగడానికి ఎవరం మొక్కుకోము. ఫలితంగా, కాలినడకన తిరుమల వెళ్లివచ్చామన్న ధైర్యంతో బయల్దేరిన వాళ్ల కాళ్లకు సగం పనే తెలిసి ఉంటుంది. హాఫ్ డోమ్ శిఖరం మీద బస్సు ఉండదు. ఎక్కిన 4,800 అడుగులూ మధ్యాహ్నపు ఎండలో, అప్పటికే అలసిన కాళ్లతో దిగవలసిందే.

ఎక్కేటప్పుడు తొడ కండరాలు ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఆయాసం వస్తుంది, మనం కష్టపడుతున్నామని మనకే తెలిసిపోతుంది. దిగేటప్పుడు అవే కండరాలు ఒంటి బరువును ఆపుతూ, సాగుతూ పనిచేస్తాయి. ఊపిరి తేలిగ్గా ఆడుతుంది కనుక శ్రమ లేదనిపిస్తుంది, కాని కండరపు పోగులు దెబ్బతినేది ఎక్కువగా అప్పుడే. ఒకటి రెండు రోజుల తర్వాత కుర్చీలోంచి లేవనివ్వని నొప్పి దాని వల్లే. ఇందులో మనకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ఒకసారి ఈ శ్రమకు గురైన కండరం, తర్వాత కొన్ని వారాల పాటు అదే శ్రమ వల్ల అంతగా దెబ్బతినదు. కాబట్టి ముందుగానే దిగుడు నడక అలవాటు చేస్తే అసలు రోజున కాళ్లు నిలబడతాయి. ట్రెడ్‌మిల్‌ను వాలుగా పెట్టి నెలల తరబడి ఎక్కినా ఈ లాభం రాదు, ఎందుకంటే దాని మీద దిగడం ఉండదు.

మాకు దీనికి దొరికిన చోటు ఫ్రీమాంట్‌లోని మిషన్ పీక్. ఎత్తు 2,517 అడుగులే అయినా, స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కితే మూడు మైళ్లలో సుమారు 2,100 అడుగులు పైకి తీసుకువెళ్తుంది. నీడ దాదాపు ఉండదు. పై భాగంలో దారి గులకరాళ్లతో వదులుగా ఉండి, దిగేటప్పుడు కాలు నిలవనివ్వదు. మాకు కావలసింది సరిగ్గా అదే. శిఖరం మీది స్తంభం దగ్గర ఫోటో కోసం వరసలో నిలబడితే వెనుకా ముందూ తెలుగు వినిపించని శనివారం ఉండదు. వారంలో ఒక రోజు ఆఫీసు ముగిశాక, మరో రోజు తెల్లవారుజామున అక్కడికి వెళ్తున్నాము. మొదట్లో ఖాళీ సంచితో ఎక్కి, తర్వాత ఒక్కో లీటరు సీసా పెంచుకుంటూ పోయాము. కొందరు బరువు కోసం మోసిన నీళ్లను శిఖరం మీద పారబోసి తేలిగ్గా దిగుతారు. మోకాళ్లు బాగాలేనివారికి అది మంచి ఉపాయమే. మేము మాత్రం సగం నీళ్లు ఉంచుకుని దిగుతున్నాము.

మా మేనల్లుడు క్రికెట్ ఆడే కుర్రవాడు. తొలివారం నన్ను వెనక వదిలేసి ఎక్కాడు, దిగేటప్పుడు ఏకంగా పరుగెత్తాడు. "ఇంతేనా మావయ్యా? దీనికి మూడు నెలల ముందు నుంచి సాధన దేనికి?" అన్నాడు. ఆ మరునాడు సాయంత్రం మా ఇంటికి వచ్చి, మేడ మెట్లు పక్కవాటుగా, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగాడు. కాలి బొటనవేళ్ల గోళ్లు రెండూ కమిలి నీలంగా మారాయి. బూటు లోపల పాదం ముందుకు జారి, అడుగడుగునా గోరు బూటు మొనకు కొట్టుకోవడం వల్ల వచ్చే తిప్పలు అవి. దానికి మూడు పనులు చేశాము. గోళ్లు బయల్దేరే ముందు రోజు కాకుండా రెండు మూడు రోజుల ముందే పొట్టిగా కత్తిరించుకోవడం. మామూలు కొలత కన్నా అర సైజు పెద్ద బూట్లు తీసుకోవడం. దిగడం మొదలుపెట్టే చోట ఆగి, చీలమండ దగ్గరి పై రంధ్రాల్లో తాడును మెలికవేసి మడమ కదలకుండా బిగించుకోవడం. మూడోది పైసా ఖర్చు లేనిది, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేదీ అదే.

బూటు అడుగు గురించి కూడా ఒక మాట. హాఫ్ డోమ్ మీద కేబుళ్ల మధ్య రాయి ఎన్నో ఏళ్లుగా పాదాలు రాపిడి పెట్టడం వల్ల నునుపెక్కి ఉంటుంది. అరిగిన అడుగుతో వెళ్లడం ప్రమాదం, కొత్త బూట్లతో నేరుగా వెళ్లడం బొబ్బలకు దారి. మే నెలలో కొని, మిషన్ పీక్ మీద తొడిగి తిరిగి, జులైకి పాదానికి అలవాటైన జత ఉండేట్టు చూసుకోవాలి.

వచ్చే వారాంతంలో అసలు పరీక్ష పెట్టుకున్నాము. ఒకే రోజు మిషన్ పీక్ రెండుసార్లు, మధ్యలో ఇంటికి రాకుండా, పూర్తి బరువుతో. అంటే దాదాపు 12 మైళ్లు, 4,200 అడుగులు. దూరంలోను, ఎత్తులోను హాఫ్ డోమ్ కన్నా కొంచెం తక్కువే గాని, రెండోసారి దిగేటప్పుడు మోకాలు ఏమంటుందో వినడానికి చాలు. అక్కడ నొప్పి వచ్చినవాళ్లు జులైలో రావద్దని అందరం ముందే ఒప్పుకున్నాము. ఆ షరతు నాకూ వర్తిస్తుంది.

ఇక సంచి సంగతి. హాఫ్ డోమ్ శిఖరానికి వెళ్లేవారు మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోవాలని పార్కు వాళ్లు చెబుతారు. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు. తిండి, జాకెట్, లైటు అన్నీ కలిపినా అంత తూగవు. మేము వంటింటి కాటా మీద ఒక్కొక్క వస్తువూ పెట్టి తూచాము. మా వాడు తెచ్చిన డ్రోనును అక్కడే పక్కన పెట్టేశాము, బరువు వల్ల కొంతా, నేషనల్ పార్కుల్లో డ్రోన్లు నిషేధం కావడం వల్ల మిగతా. నీళ్ల బరువు తగ్గించుకునే దారి ఒకటుంది. నడక మొదలుపెట్టిన మైలు లోపే వచ్చే వెర్నల్ జలపాతపు వంతెన దగ్గర వేసవిలో కుళాయి నీళ్లు దొరుకుతాయి. ఆ పైన లిటిల్ యోసెమిటీ వ్యాలీ దాకా మెర్సెడ్ నది దారికి దగ్గరగానే పారుతుంది. చిన్న ఫిల్టరు ఒకటి వెంట ఉంటే రెండు లీటర్లతో బయల్దేరి, అక్కడ వడగట్టుకుని నాలుగూ నింపుకోవచ్చు. నది ఎంత స్వచ్ఛంగా కనబడినా వడగట్టకుండా తాగకూడదు. కడుపును వారాల పాటు కుదిపే జియార్డియా అనే పరాన్నజీవి కంటికి కనబడదు. లిటిల్ యోసెమిటీ వ్యాలీ దాటాక నమ్మదగిన నీటి వసతి లేదు. అక్కడ నుంచి శిఖరానికి వెళ్లి తిరిగి అక్కడికి వచ్చేదాకా వీపు మీద ఉన్నవే నీళ్లు.

నీళ్లే తాగుతూ పోవడం కూడా మంచిది కాదు. చెమటతో ఉప్పు పోతుంది, ఉప్పు లేని నీళ్లు లీటర్ల కొద్దీ పోస్తే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు మొదలవుతాయి. ఈ విషయంలో మన పులిహోరకు సాటి వచ్చే తిండిని నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. ఉప్పు, నూనె, అన్నం, వేరుశనగలు, చింతపండు పులుపు. రాత్రి కలిపితే మరునాడు మధ్యాహ్నం దాకా చెడదు, ఎండలో నోరెండినప్పుడు కూడా లోపలికి దిగుతుంది. తీపి ఎనర్జీ బార్లు ఎనిమిదో గంటకు మొహం మొత్తుతాయి. పులిహోర చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకుని, గంటన్నరకోసారి నాలుగు ముద్దలు తినడం మా పద్ధతి. పల్లీ చిక్కీ కేబుళ్లకు ముందు. కొండ మీది ఉడతలు మహా గడుసువి, కేబుళ్ల దిగువన సంచి కింద పెట్టి పక్కకు తిరిగితే గుడ్డ కొరికి చిక్కీ లాక్కుపోతాయి. కారులో మిగిలిన తిండిని చీకటి వేళ ఉంచకూడదు. ఎలుగుబంట్లు తలుపులు వంచేస్తాయి కనుక పార్కింగు దగ్గరి ఇనుప పెట్టెల్లో పెట్టి గడియ బిగించాలి.

గడియారం దగ్గరికి వద్దాం. సియెర్రా కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుముల వానలు ఎక్కడి నుంచి ఊడిపడతాయో తెలియదు. 1985 జులైలో హాఫ్ డోమ్ మీద పిడుగు పడి ఇద్దరు చనిపోయారు. 2024 జులైలో, అకస్మాత్తుగా వచ్చిన వానలో కేబుళ్ల మీద దిగుతూ ఒక యువతి జారిపడి ప్రాణం కోల్పోయింది. తడిసిన రాయి మీద మంచి బూట్లకు కూడా పట్టు దొరకదు, పైన ఉన్నవాళ్లకు దిగే దారి మరొకటి లేదు. అందువల్ల మధ్యాహ్నానికి ముందే కేబుళ్లు ఎక్కి దిగేట్టు లెక్క వేసుకోవాలి. ఫ్రీమాంట్ నుంచి యోసెమిటీ లోయకు కారులో సుమారు నాలుగు గంటలు. రాత్రంతా నడిపి నేరుగా నడక మొదలుపెట్టే శూరులున్నారు. వారి ఎక్కుడు కన్నా తిరుగు ప్రయాణంలో స్టీరింగు ముందు వారి కునుకు నాకు భయం. మేము ముందు రోజే గ్రోవ్‌ల్యాండ్ దగ్గర బస పెట్టుకుని, ఉదయం నాలుగున్నరకల్లా హ్యాపీ ఐల్స్ చేరాలని అనుకుంటున్నాము. ఎక్కేటప్పుడు మిస్ట్ ట్రెయిల్, అంటే వెర్నల్ జలపాతం పక్కన 600కు పైగా ఉన్న రాతి మెట్ల దారి. పొద్దున్నే రద్దీ ఉండదు. దిగేటప్పుడు మాత్రం తడి మెట్లను వదిలి, నెవడా జలపాతం దగ్గర జాన్ మ్యూర్ ట్రెయిల్ పట్టుకుంటాము. దూరం పెరుగుతుంది గాని వాలు మెత్తగా ఉంటుంది, మోకాళ్లు ఊరుకుంటాయి.

వెనక్కి తిరగవలసిన వేళ ఒకటి ఇంట్లోనే రాసి పెట్టుకోమని, ఉదాహరణకు మూడున్నరకు శిఖరం చేరకపోతే తిరిగి వచ్చేయమని పార్కు వాళ్ల సలహా. నాకు అది మరీ ఉదారంగా తోస్తుంది. మా కాగితం మీద ఒంటిగంట అని రాసుకున్నాము. ఏ వేళకు తిరిగినా తల లైటు, దానికి అదనపు బ్యాటరీలు ఒక్కొక్కరి దగ్గర వేరువేరుగా ఉండాలి. ఫోన్ లైటు ఉందిగదా అనే వాదనను మా ఇంట్లో ఇక ఎవరూ ఎత్తరు.

కేబుళ్ల గురించి చెప్పవలసింది తక్కువే. అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న తోటపని చేతి తొడుగులు చాలు, హార్డ్‌వేర్ దుకాణంలో పది డాలర్ల లోపే దొరుకుతాయి. అక్కడ ఎవరో వదిలేసినవి ఉంటాయని నమ్ముకుని వెళ్లకూడదు, మనవి అక్కడ వదిలి రాకూడదు. నడక కర్రలు కిందే మడిచి సంచికి కట్టేయాలి. రాతి మీద కొన్ని అడుగులకొకటి చొప్పున అడ్డంగా చెక్క పలకలుంటాయి. ఒక పలక మీద ఊపిరి తీసుకుని, పై పలక ఖాళీ అయ్యాక కదలాలి. దిగేటప్పుడు రాయి వైపు ముఖం పెట్టి, వెనక్కి అడుగు వేస్తూ రావడం చాలామందికి తేలిక. నడుముకు హార్నెస్ అనే రక్షణ పట్టీ కట్టుకోవడం పిరికితనమని ఎగతాళి చేసేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. కట్టుకుంటే మాత్రం రెండు కొక్కేలుండాలి, స్తంభం దాటేటప్పుడు ఒకటి ఎప్పుడూ కేబులుకు తగిలి ఉండేట్టు. దాన్ని ఇంట్లో మెట్ల కమ్మీ మీద తగిలిస్తూ తీస్తూ చేతికి అలవాటు చేసుకోకపోతే వెనక వచ్చే ఇరవై మందినీ ఆపేస్తాము.

మా బృందంలో ఒకరికి ఎత్తంటే భయం. ఆమె సబ్ డోమ్ దాకా వస్తానని, కేబుళ్లు చూశాక నిర్ణయించుకుంటానని చెప్పింది. ఆగిపోతే ఎందుకని అడగకూడదు, "ఇంత దూరం వచ్చాక" అనే మాట ఎవరి నోటా రాకూడదు, ఆమెకు తోడుగా నేనే కింద ఉంటాను అని పెద్దమనుషుల ఒప్పందంలా కాగితం రాసి అందరం సంతకాలు చేశాము. మా మేనల్లుడు నవ్వుతూనే చేశాడు. "మరి నువ్వు పైకి రావా మావయ్యా?" అని అడిగాడు. అనుమతి పత్రంలో ప్రత్యామ్నాయ నాయకుడు వాడే కనుక, నేను కింద ఉండిపోయినా మిగతా వారికి ఇబ్బంది లేదు.

వాతావరణ సూచన బయల్దేరే ముందు రోజు సాయంత్రం చూస్తాము. ఉరుముల వాన అని ఉంటే కేబుళ్ల జోలికి పోకుండా నెవడా జలపాతం దాకా ఎక్కి, జాన్ మ్యూర్ దారిన లోయకు దిగిపోతాము. అనుమతిని వేరే రోజుకు మార్చుకోవడానికి గాని, ఇంకొకరికి ఇవ్వడానికి గాని వీలుండదు. కాని సీజన్ పొడుగునా రోజువారీ లాటరీ ఒకటి నడుస్తుంటుంది. శనివారం ఎక్కాలంటే గురువారం దరఖాస్తు చేస్తే ఆ రాత్రికే ఫలితం తెలుస్తుంది. ఆగస్టులోనో, జనం పలచబడే సెప్టెంబరు మధ్య వారాల్లోనో మళ్లీ వేస్తాము.